పిల్లల చెవిలో నీరు చేరి వినికిడి తగ్గితే: ఆ 3 నెలల్లో మీరు చేయాల్సిన పనులు

పిలిస్తే పలకడు. టీవీ సౌండ్ పెంచుతాడు. రెండు పనులు చెబితే ఒకటే చేస్తాడు. మూడు నాలుగేళ్ల పిల్లల్లో ఇవి కనిపించగానే ఇంట్లో ముందు వచ్చే మాట ‘మొండితనం ఎక్కువైంది’ అని. ఆ మాట అనేముందు ఒక్కసారి చెవి పరీక్ష చేయించండి. మధ్యచెవిలో నీరు చేరడం వల్ల వినికిడి తగ్గడం పిల్లల్లో చాలా మామూలు. బడిలో చేరే వయసు వచ్చేలోపు 10 మందిలో దాదాపు 9 మందికి ఒక్కసారైనా ఇలా అవుతుంది. చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. కానీ తగ్గేదాకా ఆ పిల్లాడు సరిగా వినలేడు. ఆ కాలంలో అతనికి మాటలు అందేలా చూసుకోవడం పెద్దవాళ్ల పని. ఈ వ్యాసం ఆ పని గురించే.

ముందుగా, ఇది స్నానం చేయించేటప్పుడు చెవిలోకి పోయిన నీరు కాదు. చెవి రంధ్రం చివర కర్ణభేరి ఉంటుంది. దాని వెనక గాలితో నిండిన ఒక చిన్న గది ఉంటుంది, అదే మధ్యచెవి. ముక్కు వెనక భాగం నుంచి ఆ గదికి గాలిని చేర్చే సన్నటి గొట్టాన్ని యూస్టేషియన్ ట్యూబ్ అంటారు. పిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది. జలుబు చేసినా, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ వాచినా సరిగా తెరుచుకోదు. లోపలి గాలిని చుట్టూ ఉన్న పొర పీల్చేసుకుంటుంది, కొత్త గాలి రాదు, ఆ ఖాళీలోకి నీరు ఊరుతుంది. కొన్నాళ్లకు అది చిక్కబడి జిగురులా తయారవుతుంది. అందుకే డాక్టర్లు దీన్ని ‘గ్లూ ఇయర్’ అని కూడా అంటారు. నీరు నిండాక కర్ణభేరి, దానికి అంటిపెట్టుకుని ఉన్న చిన్న ఎముకలు స్వేచ్ఛగా కదలలేవు. చాలాసార్లు జ్వరం ఉండదు, చెవిపోటు ఉండదు. ఏ నొప్పీ లేదు కాబట్టే నెలల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది.

వినికిడి ఎంత తగ్గుతుంది? సగటున 25 నుంచి 30 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో కొలిచే లెక్క). కొందరికి అసలు తగ్గదు, కొందరికి 50 దాకా పోతుంది. అదెలా ఉంటుందో తెలియాలంటే మీ రెండు చెవుల్లో వేళ్లు గట్టిగా పెట్టుకుని, గదికి అవతలి వైపున్న మనిషి మాట వినండి. గొంతు వినిపిస్తుంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. ఏమన్నారో మాత్రం సగం ఊహించుకోవాలి. మీకు భాష వచ్చు కాబట్టి ఊహించగలరు. ఇంకా మాటలు నేర్చుకుంటున్న పిల్లాడు ఆ ఖాళీలను దేనితో పూరిస్తాడు?

1. ముందు వారం రోజులు గమనించి రాయండి

ఫోన్‌లోనో పుస్తకంలోనో తేదీ వేసి రాయండి. డాక్టర్ దగ్గర ‘ఎప్పట్నుంచి?’ అనే ప్రశ్నకు ‘ఈమధ్యే’ అనే జవాబు పనికిరాదు.

రాయాల్సింది ఇది: జలుబు ఎప్పుడు మొదలైంది, చెవిపోటు ఎప్పుడైనా వచ్చిందా, ఎదురుగా ఉండి మాట్లాడితే అర్థం చేసుకుంటున్నాడా, వెనక నుంచి పిలిస్తే, పక్క గదిలోంచి పిలిస్తే, టీవీ నడుస్తుండగా పిలిస్తే ఏం చేస్తున్నాడు. ఎదురుగా బాగా, వెనక నుంచి అస్సలు లేదు అన్న తేడా కనిపిస్తే అది పెద్ద ఆధారం. ఆ పిల్లాడు మీ ముఖం, పెదవులు చూసి మాటను పట్టుకుంటున్నాడన్నమాట.

వీటిని కూడా గమనించండి: మాట చివర్లు మింగడం, ‘ఆ?’ ‘ఏంటీ?’ అని పదేపదే అడగడం, ఎప్పుడూ ఒకే చెవి తిప్పి వినడం, నడకలో తూలడం, నలుగురు పిల్లలున్న చోట ఆటలోంచి పక్కకు తప్పుకోవడం, సాయంత్రానికి విపరీతంగా చిరాకు పడటం. రోజంతా చెవులు రిక్కించి వినే పిల్లలు బాగా అలిసిపోతారు. రాత్రి గురక, నోటితో గాలి పీల్చడం ఉంటే అవి కూడా రాయండి, అడినాయిడ్స్ సంగతి తేలడానికి పనికొస్తాయి.

ఒక సంగతి ముందే తెలుసుకోండి. ఈ వినికిడి లోపం ఒకే తీరున ఉండదు. సోమవారం బాగానే వింటాడు, గురువారం వినడు. జలుబు తగ్గిన వారం మెరుగ్గా ఉంటుంది, మళ్లీ జలుబు చేస్తే మొదటికొస్తుంది. పిల్లల్ని అన్యాయంగా తిట్టించేది ఈ హెచ్చుతగ్గులే. ‘నిన్న వినిపించింది, ఇవాళ వినిపించదా?’ అని అడుగుతాం. నిజంగానే వినిపించకపోవచ్చు.

2. ఇంట్లో గుసగుస పరీక్ష

నాలుగైదేళ్లు దాటిన పిల్లలకు ఇది సులువు. టీవీ, ఫ్యాన్ ఆపేయండి. పిల్లాడి వెనక చేయి చాపినంత దూరంలో, అంటే సుమారు 60 సెంటీమీటర్లలో నిలబడండి, మీ పెదవులు కనిపించకూడదు. ఒక చెవి ముందున్న చిన్న బుడిపెను ఇంకొకరు వేలితో నొక్కి మెల్లగా రుద్దుతూ ఉండాలి, అప్పుడు ఆ చెవి పరీక్షలో కలగజేసుకోదు. మీరు ఊపిరి వదిలేసి, మిగిలిన గాలితో ‘కాకి’, ‘టోపీ’, ‘సీసా’ లాంటి తెలిసిన మాటలు గుసగుసగా చెప్పి, తిరిగి చెప్పమనండి. తర్వాత రెండో చెవి. చిన్న పిల్లలైతే బొమ్మలు ముందు పెట్టి చూపించమనాలి.

చాలా మాటలు తప్పితే అపాయింట్‌మెంట్ తీసుకోండి. అన్నీ సరిగ్గా చెప్పినా మీకు అనుమానం మిగిలితే అప్పుడూ వెళ్లండి. పరీక్షకు వెళ్లాలా వద్దా అన్నది దీని ఒక్కదాని మీదే తేల్చుకోకండి, ఇది మీరు చూస్తున్నది ఏమిటో మీకు అర్థం కావడానికి. రోజూ పెట్టి పిల్లాణ్ని టెన్షన్ పెట్టకండి.

3. డాక్టర్ దగ్గర ఏ పరీక్షలు అడగాలి

పిల్లల డాక్టర్ దగ్గర మొదలుపెట్టి, ఈఎన్‌టీ డాక్టర్‌కు, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్‌కు చూపించండి. మూడు పనులు జరగాలి.

ఒకటి, చెవిలోకి చూసే లైటు పరికరం ఓటోస్కోప్‌తో కర్ణభేరిని చూడటం. దానికి చిన్న రబ్బరు బుడ్డి తగిలించి గాలి ఊది, కర్ణభేరి కదులుతోందో లేదో చూస్తే ఇంకా మంచిది.

రెండు, టింపనోమెట్రీ. చెవి రంధ్రంలో మెత్తని రబ్బరు మొన పెడతారు. మెషీన్ గాలి ఒత్తిడిని కాస్త పెంచి తగ్గిస్తుంది, పిల్లాడికి చెవి బిగుసుకున్నట్టు అనిపిస్తుంది, అంతే. కొన్ని సెకన్లలో కాగితం మీద గీత వస్తుంది. మధ్యలో కొండ శిఖరంలా లేస్తే ‘ఏ’ రకం, అంటే మామూలు. శిఖరం ఉండి ఎడమకు జరిగితే ‘సీ’ రకం, లోపల ఒత్తిడి తగ్గిందని అర్థం. శిఖరమే లేకుండా గీత చదునుగా పోతే ‘బీ’ రకం, అక్కడ నీరు ఉండే అవకాశం ఎక్కువ. గీత పక్కనే చెవి రంధ్రం పరిమాణం అంకెల్లో ఉంటుంది, దాన్ని కూడా అడిగి తెలుసుకోండి. గీత చదునుగా ఉండి ఆ అంకె మామూలుగా ఉంటే నీరు, మరీ ఎక్కువ ఉంటే కర్ణభేరికి రంధ్రం, మరీ తక్కువ ఉంటే గులిమి అడ్డు పడటమో మొన సరిగా కూర్చోకపోవడమో కావచ్చు.

మూడు, అసలైన వినికిడి పరీక్ష. నీరు ఉందని తేలాక చాలాచోట్ల ఇంక ఇది చేయరు. మీరు అడగండి. నీరు ఉండటం వేరు, దానివల్ల ఎంత వినికిడి పోయిందన్నది వేరు. ఆరు నెలల నుంచి రెండున్నరేళ్ల దాకా స్పీకర్ నుంచి శబ్దం వచ్చినప్పుడు బిడ్డ అటు తిరిగితే బొమ్మ వెలిగేలా పెట్టి చూస్తారు. ఆ తర్వాతి వయసులో ‘పీప్’ అని వినబడ్డప్పుడల్లా ఒక బ్లాక్ తీసి బుట్టలో వేయమంటారు. శబ్దం మెల్లమెల్లగా సన్నబడుతుంటే, చేతిలో బ్లాక్ పట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి ఆ పిల్లలు వింటూ కూర్చుంటారు. ఆ గదిలో మీరు ఉంటే కదలకండి, తల ఊపకండి. మీ ముఖం చూసి బ్లాక్ వేసేస్తారు.

రిపోర్ట్‌లో ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలి ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. గాలి ద్వారా (మామూలుగా చెవి రంధ్రంలోంచి) విన్నది తగ్గి, ఎముక ద్వారా (చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం పెట్టి) విన్నది మామూలుగా ఉంటే సమస్య మధ్యచెవిలో ఉందని అర్థం. ఎముక ద్వారా విన్నది కూడా తగ్గితే నెపం నీటి మీద వేసి ఊరుకోకండి, అది లోపలి చెవి సమస్య, వేరే పరీక్షలు కావాలి. పుట్టినప్పుడు చేసే స్క్రీనింగ్‌లో ఫెయిలైన పసివాళ్ల విషయంలోనూ ఇంతే. ‘నీరుందేమో, పోతుందిలే’ అన్న మాట మీద ఆగిపోకుండా మళ్లీ పరీక్ష పూర్తి చేయించాలి.

ప్రతి రిపోర్ట్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మూడు నెలల తర్వాత పోల్చి చూడటానికి ఇవే ఆధారం.

4. తేదీ వేసి 3 నెలలు లెక్కపెట్టండి

ఎక్కువమంది పిల్లలకు మొదటి సలహా, 3 నెలలు ఆగి చూడమని. నీరు ఎప్పుడు చేరిందో తెలిస్తే ఆ రోజు నుంచి, తెలియకపోతే డాక్టర్ కనిపెట్టిన రోజు నుంచి లెక్క. ఇలా ఆగమనడం నిర్లక్ష్యం కాదు. చెవిలో ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గిన పిల్లల్లో 2 వారాలకు దాదాపు 70 శాతం మందిలో నీరు మిగిలే ఉంటుంది. నెలకు అది 40 శాతానికి, 2 నెలలకు 20కి, 3 నెలలకు 10కి పడిపోతుంది. దానంతట అదే పోయే దానికి ఆపరేషన్ ఎందుకు?

అయితే అందరికీ ఈ ఆగడం వర్తించదు. గ్రహణం మొర్రిలో అంగిలి చీలిన పిల్లలు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు, ముందే శాశ్వత వినికిడి లోపం ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, చూపు సమస్య ఉన్నవాళ్లు, మాటలు ఇప్పటికే ఆలస్యమైనవాళ్లు కొద్దిపాటి లోపాన్ని కూడా తట్టుకోలేరు. వీళ్ల విషయంలో త్వరగా నిర్ణయించమని గట్టిగా అడగండి. కర్ణభేరి లోపలికి బాగా గుంట పడిందని డాక్టర్ చెప్పినా అంతే.

5. డబ్బు, ఓపిక వృథా చేసుకోకండి

ఈ నీటికి యాంటీబయాటిక్స్ అక్కర్లేదు. అలెర్జీ మాత్రలు, ముక్కు దిబ్బడ మందులు, స్టెరాయిడ్ స్ప్రేలు, స్టెరాయిడ్ మాత్రలు కూడా ఈ నీటిని పోగొట్టడానికి వాడొద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2016లో విడుదల చేసిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. పిల్లాడికి విడిగా అలెర్జీ ఉంటే దానికి వైద్యం చేయించండి, అది వేరే లెక్క. చెవిలో వేసే చుక్కలు, నూనెలు కర్ణభేరి దాటి లోపలికి వెళ్లలేవు. ఇయర్ బడ్స్ అసలే వద్దు.

కొంత పనిచేస్తుందని ఆధారం ఉన్నది ముక్కుతో ఊదే బెలూన్. ఒక ముక్కు రంధ్రం మూసి, నోరు మూసి, రెండో రంధ్రంతో బెలూన్ ఊదాలి. ఆ ఒత్తిడికి యూస్టేషియన్ ట్యూబ్ తెరుచుకుంటుంది. 2015లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో 4 నుంచి 11 ఏళ్ల పిల్లలు 320 మంది పాల్గొన్నారు. రోజుకు మూడుసార్లు ఊదినవాళ్లలో 3 నెలలకు దాదాపు సగం మందికి కనీసం ఒక చెవి టింపనోమెట్రీ మామూలుగా వచ్చింది. ఊదనివాళ్లలో అది 38 శాతం. తేడా పెద్దది కాదు, కానీ మందుల్లేకుండా వచ్చే లాభం. ఎలా ఊదాలో డాక్టర్ దగ్గర ఒకసారి చూపించుకోండి. చెవిపోటు, జ్వరం ఉన్న రోజుల్లో ఊదించకండి. మూడేళ్లలోపు పిల్లలకు ఇది చేతకాదు, బలవంతం చేయొద్దు.

ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే పిల్లాడి దగ్గర మానేయడం కాదు, ఇంట్లోనే మానేయాలి. సీసా పాలు తాగే పసివాళ్లను పడుకోబెట్టి కాకుండా తల ఎత్తి పట్టుకుని తాగించండి.

6. మాట్లాడే తీరు మార్చుకోండి

నా దృష్టిలో మొత్తం మీద అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టొచ్చు.

దగ్గరికి వెళ్లండి. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నాలుగు మీటర్ల నుంచి ఒక మీటరుకు వస్తే 12 డెసిబెల్స్ మీరు తిరిగి ఇచ్చినట్టే. ఏ మందూ అంత తొందరగా అంత మేలు చేయదు. కూర్చుని, మీ ముఖం పిల్లాడి ముఖానికి ఎదురుగా పెట్టండి, వెలుతురు మీ ముఖం మీద పడాలి.

ముందు పేరు పిలవండి. ఆగండి. మీ వైపు చూశాకే విషయం చెప్పండి. టీవీ ఆపకుండా ముఖ్యమైన మాట మొదలుపెట్టకండి. అరవకండి, అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, క, త, ప, స లాంటి సన్నని హల్లులు వాటికింద ఇంకా నలిగిపోతాయి. మామూలు గొంతును కొంచెం పెంచి, కొంచెం నిదానంగా చెబితే చాలు. అర్థం కాకపోతే అదే వాక్యాన్ని మూడుసార్లు చెప్పేకంటే వేరే మాటల్లో చెప్పండి.

మన భాషలో ఇంకో చిక్కుంది. అసలు విషయం చాలాసార్లు మాట చివర్లో ఉంటుంది. ‘తియ్యి’, ‘తియ్యకు’. ‘వెళ్లు’, ‘వెళ్లకు’. ‘బల్ల మీద’, ‘బల్ల కింద’. వాక్యం చివరికి వచ్చేసరికి మన గొంతు దిగుతుంది, ఆ చివరి ‘కు’ పిల్లాడికి చేరదు. వద్దన్న పనే చేస్తాడు, తిట్లు తింటాడు. కాబట్టి వద్దనాల్సి వచ్చినప్పుడు ముందే చేయి అడ్డంగా ఊపి ‘వద్దు’ అనండి, తర్వాత ఏది వద్దో చెప్పండి. గొంతు చివరిదాకా నిలపండి.

రోజూ కాసేపు నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇద్దరే కూర్చుని బొమ్మల పుస్తకం చదవండి. నలుగురి మధ్య పోగొట్టుకున్న మాటలు అక్కడ దొరుకుతాయి. పిల్లాడు తప్పుగా పలికితే ‘తప్పు, సరిగ్గా చెప్పు’ అనొద్దు. ‘పిత్త ఎగిరింది’ అంటే ‘అవును, పిట్ట ఎగిరింది’ అని మీరు సరైన మాటను స్పష్టంగా తిరిగి ఇవ్వండి, అంతే.

రోడ్డు మీద చేయి వదలకండి. వెనక నుంచి వచ్చే బండి మీకు వినిపించినంత ముందుగా అతనికి వినిపించదు.

7. టీచర్‌కు చెప్పండి, కాగితం మీద

నోటిమాటగా చెబితే కొత్త టీచర్ వచ్చేసరికి పోతుంది. చిన్న ఉత్తరం చాలు: మధ్యచెవిలో నీరు వల్ల వినికిడి తగ్గింది, రోజుకో రకంగా ఉంటుంది, ముందు వరసలో, కిటికీకి ఫ్యాన్‌కు దూరంగా కూర్చోబెట్టండి, బాగా వినిపించే చెవి మీ వైపు ఉండాలి, బోర్డు వైపు తిరిగి చెప్పింది అందదు, వేరే పిల్లలు చెప్పిన జవాబును మీరు ఒకసారి తిరిగి చెప్పండి. ‘అర్థమైందా?’ అని అడిగితే తల ఊపేస్తాడు, ఏం చేయాలో చెప్పమని అడగండి అని కూడా రాయండి.

8. 3 నెలల తర్వాత: ట్యూబులా, ఇంకొన్నాళ్లు ఆగడమా?

మళ్లీ టింపనోమెట్రీ, మళ్లీ వినికిడి పరీక్ష. నీరు పోయి, వినికిడి మామూలైతే సరే. నీరున్నా వినికిడి, మాటలు, చదువు బాగానే ఉంటే 3 నుంచి 6 నెలలకోసారి చూపిస్తూ ఆగొచ్చు. రెండు చెవుల్లోనూ 3 నెలలకు మించి నీరుండి, వినికిడి తగ్గినట్టు పరీక్షలో తేలితే గ్రోమెట్ అనే చిన్న ట్యూబుల గురించి మాట్లాడతారు.

కర్ణభేరికి చిన్న గాటు పెట్టి, నీరు పీల్చేసి, ఆ గాటులో బియ్యపు గింజకంటే చిన్న గొట్టాన్ని అమరుస్తారు. మూసుకుపోయిన యూస్టేషియన్ ట్యూబ్ బదులు దీనిగుండా గాలి లోపలికి వెళుతుంది. 1954లో అమెరికన్ వైద్యుడు బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లాస్టిక్ గొట్టంతో ఈ పద్ధతిని మళ్లీ వాడుకలోకి తెచ్చాడు. పిల్లలకు మత్తు ఇచ్చి చేస్తారు, పని కొద్ది నిమిషాలదే, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. మామూలు రకం ట్యూబులు 6 నుంచి 18 నెలల్లో వాటంతట అవే ఊడి వస్తాయి. నాలుగేళ్లు దాటిన పిల్లలకు అదే మత్తులో అడినాయిడ్స్ కూడా తీయడం వల్ల లాభం ఉండొచ్చు. నాలుగేళ్లలోపు అయితే ముక్కు మూసుకుపోవడం లాంటి విడి కారణం ఉంటేనే తీస్తారు.

నష్టాలూ అడగండి. ట్యూబ్ ఉన్నప్పుడు చెవి కారొచ్చు, దానికి సాధారణంగా యాంటీబయాటిక్ చుక్కలు చాలు, నోటి మందు అక్కర్లేదు. కొద్దిమందిలో ట్యూబ్ ఊడాక రంధ్రం మూసుకోదు. కొందరికి నీరు మళ్లీ చేరుతుంది, రెండోసారి ట్యూబులు పడతాయి. స్నానానికి సాధారణంగా జాగ్రత్తలు అక్కర్లేదు. మురికి నీళ్లలో ఈత, లోతుగా మునగడం మాత్రం మానండి.

ఆపరేషన్ వద్దనుకునేవాళ్లకు, చేయలేని పిల్లలకు హియరింగ్ ఎయిడ్ మంచి దారి. తలకు బ్యాండ్‌లా కట్టి ఎముక ద్వారా శబ్దం పంపేవీ ఉన్నాయి. నీరు పోయాక తీసేయొచ్చు. ‘చిన్న పిల్లాడికి మిషనా’ అని వెనకాడకండి. మాటలు వచ్చే వయసులో వినకుండా గడిచే నెలలు తిరిగి రావు.

నిర్ణయం తీసుకునేటప్పుడు రిపోర్టులోని అంకె ఒక్కటే చూడకండి. ఒకే 28 డెసిబెల్స్ లోపంతో ఒకడు బడిలో హాయిగా ఉంటాడు, ఇంకొకడు మాటల్లో ఏడాది వెనకబడతాడు. మీరు రాసుకున్న పుస్తకం, టీచర్ మాట డాక్టర్ ముందు పెట్టండి. అంకె చెప్పలేనిది అవి చెబుతాయి.

వెంటనే వెళ్లాల్సిన పరిస్థితులు

చెవి వెనక వాచి చెవి ముందుకు పొడుచుకు రావడం, జ్వరంతో తీవ్రమైన పోటు, ముఖం ఒక పక్కకు లాగడం, కళ్లు తిరిగి వాంతులు, ఉన్నట్టుండి ఒక చెవి పూర్తిగా వినిపించకపోవడం. వీటిలో ఏది కనిపించినా 3 నెలల లెక్క పక్కన పెట్టి అదే రోజు వెళ్లండి. దుర్వాసనతో చెవి కారుతుంటే కూడా ఆలస్యం చేయొద్దు, కర్ణభేరి గుంటలో కొలెస్టియటోమా అనే చర్మపు గడ్డ పెరుగుతుండొచ్చు. అది ఎముకను తినేస్తుంది.

నీరు పోయాక

ట్యూబులు వేసినా, నీరు దానంతట అదే పోయినా, మరోసారి వినికిడి పరీక్ష చేయించండి. అప్పుడు ఆడియోగ్రామ్ (ఆ పరీక్ష రిపోర్ట్) మామూలుగా వచ్చి కూడా మాటలు వయసుకు తగ్గట్టు లేకపోతే స్పీచ్ థెరపిస్ట్‌కు చూపించండి, ‘ఇప్పుడు వినిపిస్తోంది కదా, అదే వస్తుంది’ అని ఏడాది ఆగకండి. తర్వాత వచ్చే ప్రతి పెద్ద జలుబుకూ రెండు మూడు వారాల తర్వాత వెనక నుంచి ఒకసారి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి. పలకకపోతే పాత రిపోర్టులు తీసుకుని వెళ్లండి.